ముందు ఎడమ చక్రం దగ్గర టక్ టక్ శబ్దం: షాక్ అబ్జార్బర్లు మార్చినా పోలేదు

ప్రశ్న

నమస్కారమండీ. మాది 2015 నాటి పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, ఇప్పటికి 78,000 కిలోమీటర్లు తిరిగింది. రెండు నెలలుగా ముందు ఎడమ చక్రం దగ్గర ఎవరో చెక్క సుత్తితో కొడుతున్నట్టు టక్ టక్‌మని శబ్దం వస్తోంది. గుంటూరులో మా వీధిలో పైపుల కోసం తవ్వి సరిగా పూడ్చని చోట 20 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే స్పష్టంగా వినిపిస్తుంది గానీ, విజయవాడ హైవే మీద 80లో వెళ్తున్నప్పుడు అసలు వినిపించదు. బండి ఆపి ఇంజన్ రేజ్ చేసినా రాదు. స్టెప్నీ, జాకీ వదులుగా ఉన్నాయేమోనని డిక్కీ ఖాళీ చేసి కూడా నడిపి చూశాను.

మొదట చూపించిన షెడ్డులో షాక్ అబ్జార్బర్లు పోయాయని చెప్పి ముందువి రెండూ మార్చారు. డబ్బు ఖర్చయింది, శబ్దం మాత్రం అలాగే ఉంది. రెండో చోట, స్టీరింగ్ తిప్పితే ముందు చక్రాలను తిప్పే స్టీరింగ్ ర్యాక్ మొత్తం మార్చాలంటున్నారు. మా నాన్నగారిని వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు ఈ కారులోనే తీసుకెళ్తాను. ఆయన వెనక సీట్లో కూర్చుని ప్రతి గతుకు దగ్గరా "మళ్ళీ కొట్టింది చూశావా" అంటుంటే నాకు దిగులుగా ఉంటోంది. ర్యాక్ మార్పించే ముందు, ఈ శబ్దం నిజంగా ఎక్కడి నుంచి వస్తోందో తేల్చుకునే పద్ధతి ఏదైనా ఉంటే దయచేసి చెప్పండి.

జవాబు 1

ర్యాక్ సంగతి ప్రస్తుతానికి పక్కన పెట్టండి. శబ్దం వచ్చే చోటు తేలకుండా ఒక్క సామాను కూడా మార్పించకూడదని నా గట్టి అభిప్రాయం. బండి నిలిపి రేజ్ చేస్తే రావడం లేదు, రోడ్డు గతుకుగా ఉన్నప్పుడే వస్తోంది కాబట్టి ఇది ఇంజన్ లోపల వచ్చే కొట్టుడు శబ్దం (నాకింగ్) కాదు. స్టీరింగ్ పూర్తిగా తిప్పి మలుపు తిరుగుతున్నప్పుడు వరసగా కటకటమంటే, ఇంజన్ బలాన్ని ముందు చక్రాలకు చేర్చే ఇరుసు చివరి సీవీ జాయింట్‌ను అనుమానించాలి. గతుకుల్లో వెళ్తూ బ్రేకు మీద కాలు తేలిగ్గా ఆనించగానే శబ్దం ఆగిపోతే బ్రేక్ ప్యాడ్లో, వాటిని నొక్కే క్యాలిపర్ పిన్నులో వదులయ్యాయని అర్థం.

ఈ రెండూ కాకపోతే ఒక స్పీడ్ బ్రేకర్ దగ్గర ఇలా చేసి చూడండి. ముందు చక్రాలు రెండూ ఒకేసారి ఎక్కేలా నెమ్మదిగా, నేరుగా దాటండి. తర్వాత దాన్నే కాస్త ఏటవాలుగా, ఒక చక్రం ఎక్కాక రెండోది ఎక్కేలా దాటండి. నేరుగా వెళ్ళినప్పుడు రాని శబ్దం ఏటవాలుగా వెళ్ళినప్పుడు వస్తే, ముందుగా చూడవలసింది స్టెబిలైజర్ లింక్ రాడ్. రెండు ముందు చక్రాలనూ కలుపుతూ అడ్డంగా ఒక కడ్డీ ఉంటుంది. రెండు చక్రాలూ కలిసి లేచినప్పుడు ఆ కడ్డీ తన బుష్‌లలో (రబ్బరు పట్టుల్లో) తిరుగుతుందే తప్ప మెలితిరగదు. ఒక్క చక్రమే లేచినప్పుడు మాత్రం మెలితిరుగుతుంది, ఆ బలమంతా దాని చివర ఉన్న చిన్న లింక్ రాడ్ మీద పడుతుంది. లింక్ రాడ్ కొసన ఉండే గుండ్రటి బాల్ అరిగి ఉంటే అది తన గిన్నెలో అటూ ఇటూ కొట్టుకుంటుంది. హైవే నున్నగా ఉంటుంది కాబట్టి అక్కడ మీకు వినిపించడం లేదు.

ఒక జాగ్రత్త చెప్పాలి. బండిని జాకీ మీద లేపి చక్రం వేలాడుతుండగా చూస్తే, లింక్ రాడ్ బిగుసుకుని ఆ వదులు కనిపించకుండా పోతుంది. చాలా షెడ్డుల్లో ఇక్కడే పొరబడతారు. పిట్ (బండి కింద నిలబడి చూసే గొయ్యి) ఉన్న షెడ్డుకు తీసుకెళ్ళి, చక్రాలు నేల మీద ఉండగానే కింద ఒకరు లింక్ రాడ్‌ను చేత్తో పట్టుకుని ఉంటే, పైన మరొకరు బండిని ఊపాలి. వదులుంటే ఆ టక్కు చేతికి తగులుతుంది. అప్పటికీ సందేహం తీరకపోతే రెండు వైపులా లింక్ రాడ్లు విప్పించి అదే వీధిలో నెమ్మదిగా నడిపి చూడండి. ఆ స్థితిలో మలుపుల్లో బండి ఎక్కువగా వాలుతుంది కాబట్టి వేగం వద్దు, పరీక్ష కాగానే మళ్ళీ బిగించేయాలి.

జవాబు 2

పై జవాబుతో ఏకీభవిస్తున్నాను. అయితే నాన్నగారిని మళ్ళీ ఎక్కించుకునే లోపు చక్రాన్ని కింది వైపు పట్టి ఉంచే లోయర్ ఆర్మ్ బాల్ జాయింట్ తప్పకుండా చూపించండి. లింక్ రాడ్ అరిగితే ఎక్కువగా చప్పుడే ఉంటుంది. బాల్ జాయింట్ ఊడితే చక్రం పక్కకు పడిపోయి బండి రోడ్డు మీదే కూలబడుతుంది. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే బాల్ జాయింట్‌లోనో బేరింగ్‌లోనో ఉన్న వదులు, కుడీ ఎడమా పట్టుకుని ఊపితే స్టీరింగ్‌ను చక్రానికి కలిపే టై రాడ్ వదులు తెలుస్తాయి. జాకీ ఒక్కదాన్నే నమ్మి ఎవరినీ కిందికి దూరనివ్వకండి, స్టాండ్లు పెట్టించండి.

ప్రశ్న అడిగినవారు, 4 రోజుల తర్వాత

మీరిద్దరూ చెప్పినట్టే చేశాను. నేరుగా దాటితే నిశ్శబ్దం, ఏటవాలుగా దాటితే టక్కు. పిట్‌లోకి నేనే దిగి ఎడమ లింక్ రాడ్ పట్టుకున్నాను, మా తమ్ముడు పైనుంచి బండిని ఊపగానే ఆ దెబ్బ అరచేతికి తగిలింది. బాల్ జాయింట్లు, టై రాడ్లు బాగానే ఉన్నాయి. నట్టు తుప్పు పట్టి, పానా వేస్తే లోపలి బాల్ కూడా దానితో పాటే తిరుగుతుంటే, మెకానిక్ దాని చివర ఉన్న గుంటలో ఎలెన్ కీ పెట్టి ఆపి విప్పారు. విప్పాక చూస్తే కింది రబ్బరు తొడుగు చిరిగి, గ్రీజు దుమ్ముతో కలిసి బూడిదరంగు పిండిలా అయింది. పాతదాని బాల్ ఒక్క వేలితో తోస్తే అటూ ఇటూ పడుతోంది, కొత్తదాన్ని రెండు వేళ్ళతో గట్టిగా తోసినా కదలడం కష్టంగా ఉంది. రెండు వైపులా మార్పించాను, శబ్దం పూర్తిగా పోయింది. మా బండిలో లింక్ రాడ్ షాక్ అబ్జార్బర్‌కే బిగించి ఉంటుంది. అంటే షాక్ అబ్జార్బర్లు మార్చిన రోజున ఇదే రాడ్‌ను విప్పి మళ్ళీ బిగించారన్నమాట. అప్పుడే ఎవరైనా ఒక్కసారి వేలితో కదిపి చూసి ఉంటే బాగుండేది.

జవాబు 1

చాలా సంతోషం. లింక్ రాడ్ మార్చినందుకు వీల్ అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) అవసరం లేదు గానీ, షాక్ అబ్జార్బర్లు మార్చినప్పుడు చేయించారో లేదో మీరు రాయలేదు. అవి చక్రానికి బిగిసే బోల్టుల దగ్గర కొద్దిగా తేడా వచ్చినా చక్రం వాలు మారి టైరు ఒక అంచు మాత్రమే అరుగుతుంది. ముందు టైర్ల లోపలి అంచును ఒకసారి చేత్తో తడిమి చూసి, ఈ వారంలోనే అలైన్‌మెంట్ చేయించండి.