శనివారం పిల్లల చర్చ: హాలు నుంచి మెయిల్ వచ్చింది, గురువారం లోపు తేల్చాలి

సిద్దిపేట అక్క, సోమవారం రాత్రి 8.50
పొద్దున వచ్చిన మెయిల్ ఇప్పుడే సరిగ్గా చదివాను. మార్వెల్ సూపర్‌హీరో సినిమాల్లో ఎండ్‌గేమ్ దాకా వచ్చినవి గొప్పవా (మొదటి జట్టు), ఆ తర్వాతవా (రెండో జట్టు) అని పిల్లలు చర్చించేటప్పుడు సినిమా ముక్కలు తెర మీద వెయ్యాలంటే పబ్లిక్ ప్రదర్శన లైసెన్సు కావాలట. ఆ కాగితం గురువారం సాయంత్రం 5 లోపు పంపకపోతే ప్రొజెక్టర్ పెట్టనివ్వరు. హాలుకు మాత్రం ఢోకా లేదు. పరేషాన్ కాకుండా ఎవరి పని ఎక్కడిదాకా వచ్చిందో రాయండి.
1. ప్రొజెక్టర్, తెర
2. పన్నెండు క్లిప్పులు
3. సమోసాలు (ఎన్ని?)
4. రెండు జట్లకు బల్లలు, మైకులు
5. జడ్జీలు

మంచులో మామిడి, రాత్రి 9.05
రెండోది అయిపోయింది అక్కా. తొమ్మిది సినిమాల నుంచి పన్నెండు క్లిప్పులు, మొత్తం 41 నిమిషాలు. మూడు వారాంతాలు దానికే పోయాయి. ఇప్పుడు లైసెన్సేంటి? డిస్నీ ప్లస్‌కి నెలనెలా కడుతూనే ఉన్నాం. మనం టికెట్ కూడా పెట్టలేదు.

సిద్దిపేట అక్క, రాత్రి 9.20
నేనూ అదే అడిగాను. మనం కట్టేది ఇంట్లో చూసుకోవడానికట. ఇంటివాళ్ళు, దగ్గరివాళ్ళు కాని మనుషులు ఎక్కువ మంది చేరిన చోట వేస్తే అది బహిరంగ ప్రదర్శన కిందికి వస్తుందట. టికెట్ ఉందా లేదా అని చూడరు. డిస్క్ కొనుక్కున్నా అంతే.

గోంగూర ఎక్స్‌ప్రెస్, రాత్రి 9.24
మనకు తెలుగు బడి ఉందిగా. పాఠం చెప్పడానికి వేస్తున్నాం అందాం. చదువుకు మినహాయింపు ఉంటుందని ఎక్కడో చదివాను.

సిద్దిపేట అక్క, రాత్రి 9.31
ఉంది. కానీ అది బడిలో, తరగతి గదిలో, పంతులు ఎదురుగా ఉండి పాఠంలో భాగంగా వేస్తేనే. శనివారం సాయంత్రం సమోసాలు పెట్టి పాఠం అంటే ఎవరు నమ్ముతారు తమ్ముడూ?

బందరు బాబాయ్, రాత్రి 10.02
లైసెన్సులు ఇచ్చే కంపెనీకి ఫోన్ చేశాను. సినిమాకొక లెక్క. తొమ్మిది సినిమాలకు కట్టాలంటే ఉగాది డబ్బు కూడా చాలదు. మన దగ్గర మిగిలినదానితో ఒక్క సినిమాకి వస్తుంది, అదీ సమోసాలు మానేస్తే. ఏ సినిమానో మీరే తేల్చండి.

(బాబాయ్, ఆ ఆఖరి వాక్యం రాయకుండా ఉంటే అందరం పదిన్నరకి పడుకునేవాళ్ళం. – గోంగూర)

మంచులో మామిడి, రాత్రి 10.06
ఇందులో తేల్చడానికేముంది? 2008 ఐరన్ మ్యాన్. మార్వెల్ వాళ్ళు స్పైడర్‌మ్యాన్ హక్కులు సోనీకి, ఎక్స్‌మెన్ హక్కులు ఫాక్స్‌కి అమ్ముకుని, మిగిలిపోయిన పాత్రతో తీసిన సినిమా అది. జనం మొదటి వరసలో లెక్కపెట్టని హీరో. అక్కడి నుంచే అన్నీ మొదలయ్యాయి.

బందరు బాబాయ్, రాత్రి 10.11
అప్పు చేసి తీశారు అది కూడా రాయి. 2005లో మెరిల్ లించ్ దగ్గర 52.5 కోట్ల డాలర్లకు ఒప్పందం. తాకట్టు పెట్టింది తమ పాత్రల సినిమా హక్కులనే. మన దగ్గర తాకట్టుకి సమోసాల మూకుడు తప్ప ఏమీ లేదు.

గోంగూర ఎక్స్‌ప్రెస్, రాత్రి 10.15
నా ఓటు ఇన్ఫినిటీ వార్‌కి. 2018లో తెలుగు డబ్బింగే చూశాను. విలన్ థానోస్‌కి రానా గొంతు. ఆఖర్లో వాడు చిటికె వేసి సగం ప్రాణుల్ని మాయం చేశాక హాల్లో ఈల వేసే మా బామ్మర్ది కూడా నోరు మూసుకుని కూర్చున్నాడు. విలన్ గెలిచి, ఇంటి ముందు కూర్చుని సూర్యుణ్ణి చూసుకునే సినిమా ఎవరు తీస్తారు?

మంచులో మామిడి, రాత్రి 10.19
ఒప్పుకుంటాను. కానీ అది వడ్డీ. అసలు 2008లో పెట్టారు. పదేళ్ళు ఆ మనుషులతో తిరిగాం కాబట్టే ఆ చిటికె తగిలింది. దాని తర్వాతి కథ ఎండ్‌గేమ్ మూడు గంటల పైన ఉన్నా ఎవరూ లేవనిది అందుకే. దాదాపు 280 కోట్ల డాలర్లు ఊరికే రాలేదు. ఆ తర్వాత వచ్చినవాటి గురించి మాట్లాడకపోవడమే మంచిది. అసలు రెండో జట్టుకి క్లిప్పులు వెతకడమే కష్టమైంది.

చిట్టి కమలా, రాత్రి 10.40
అంకుల్, నేను రెండో జట్టులోనే ఉన్నాను.

చిట్టి కమలా, రాత్రి 10.52
ద మార్వెల్స్ ఆడలేదని నాకూ తెలుసు. 2023లో వచ్చి 20 కోట్ల డాలర్ల దగ్గర ఆగిపోయింది, ఈ వరస మొత్తంలో అదే తక్కువ. కానీ అందులో హీరో కమలా ఖాన్ జెర్సీ సిటీ పిల్ల. వాళ్ళ అమ్మ తిట్టే తిట్లు మా అమ్మవే. వాళ్ళ ఇల్లు మా ఇల్లులాగే ఉంటుంది, సోఫా మీద దుప్పటితో సహా. మీ పెద్ద సినిమాల్లో మాలాంటి ఇల్లు ఒక్కటి చూపించండి. ఇప్పుడు ఒక్క సినిమాకే డబ్బు ఉందంటే అది మా జట్టుది కాదని చదవకుండానే తెలిసింది.

మంచులో మామిడి, రాత్రి 10.58
నేను అన్నది సినిమాల గురించి, నీ గురించి కాదు తల్లీ. మీ జట్టు సినిమా ఎటర్నల్స్ తీసిన క్లోయీ ఝావో, అది వచ్చిన 2021లోనే నోమాడ్‌ల్యాండ్‌కి దర్శకురాలిగా ఆస్కార్ తీసుకుంది. ప్రతిభ లేక కాదు. లెక్క చూడు: 2008 నుంచి 2012 దాకా ఐదేళ్ళలో ఆరు సినిమాలు. 2021 ఒక్క ఏడాదిలో నాలుగు సినిమాలు, ఐదు సిరీస్‌లు. రోజూ బిరియానీ పెడితే పథ్యం తినాలనిపిస్తుంది.

చిట్టి కమలా, రాత్రి 11.01
అదే ఏడాది డిసెంబర్లో నో వే హోమ్ కూడా వచ్చింది. ముగ్గురు స్పైడర్‌మ్యాన్‌లు ఒక్కచోట కనిపిస్తే మీరే ఎగిరారని ఆంటీ చెప్పారు.

బందరు బాబాయ్, రాత్రి 11.10
ఈ రాత్రంతా కొట్టుకున్నా కాగితం రాదు. ఒక్క మాట అడుగుతాను, కోపగించుకోవద్దు. క్లిప్పులు కత్తిరించే ముందు హాలు వాళ్ళని ఒకసారి అడిగి ఉంటే పోయేది కదా? ప్రతిసారీ ఆఖరి వారంలోనే ఇది.

మంచులో మామిడి, రాత్రి 11.13
ప్రతిసారీ అంటే? పోయినసారి మైకు ఎవరి ఇంట్లో ఉండిపోయిందో నేను ఎత్తానా బాబాయ్? మూడు వారాంతాలు పిల్లల్ని వదిలి కూర్చున్నందుకు బాగానే దక్కింది. శనివారం మీరే చూసుకోండి. ప్రొజెక్టర్ మీ గుమ్మం ముందు పెట్టి వెళ్తాను.

సిద్దిపేట అక్క, రాత్రి 11.15
ఇద్దరూ ఫోన్లు పక్కన పెట్టి పడుకోండి. పిల్లలు చదువుతున్నారు ఇది.

సిద్దిపేట అక్క, మంగళవారం ఉదయం 7.30
చిన్న చిన్న ముక్కలే కదా, వాటికి లైసెన్సు అక్కర్లేదని వాదించవచ్చని మా ఆఫీసులో ఒకాయన అన్నారు. వాదించవచ్చేమో. కానీ హాలు వాళ్ళతో కోర్టు భాష మాట్లాడితే వచ్చే సంక్రాంతికి మనకు తాళం చెవి ఇవ్వరు. ఆ దారి వద్దు.

మంచులో మామిడి, మధ్యాహ్నం 12.40
బాబాయ్ పొద్దున్నే ఫోన్ చేశారు. మైకు గురించి నేను అన్నది వెనక్కి తీసుకుంటున్నాను. క్లిప్పులు పక్కన పెట్టేశాను. చిట్టీ, ఒక్క సినిమా కొనడం వద్దు. ఏది కొన్నా ఒక జట్టు ఉత్త చేతులతో నిలబడాలి.

చిట్టి కమలా, సాయంత్రం 4.15
థ్యాంక్యూ అంకుల్. నాకు ఒకటి అనిపించింది. మా అమ్మమ్మ వీడియో కాల్‌లో సినిమా కథ చెప్తుంది. మూడు గంటల సినిమాని నాలుగు గంటలు చెప్తుంది. చూసినదానికంటే అదే గుర్తుంటుంది. తెర లేకుండా మేమే చెప్తే?

బందరు బాబాయ్, సాయంత్రం 4.31
బుర్రకథ! నడుమ తంబురాతో కథకుడు, అటొకడు ఇటొకడు గుమ్మెటలు వాయిస్తూ వంత. ఒకడిది హాస్యం, ఒకడిది రాజకీయం. కథకుడు ఐరన్ మ్యాన్ గుహలో ఇనప చొక్కా ఎలా తొడిగాడో చెప్తుంటే, హాస్యగాడు అడ్డం పడి “మరి ఎటర్నల్స్‌లో పదిమంది వచ్చారే, వాళ్ళ పేర్లు చెప్పన్నా” అంటాడు. రాజకీయం వాడు వసూళ్ళూ, అప్పులూ, తాకట్టూ చెప్తాడు. మీ చర్చ మొత్తం అందులోనే ఉంది. బల్లలు అక్కర్లేదు.

గోంగూర ఎక్స్‌ప్రెస్, సాయంత్రం 4.36
తందాన తాన! కానీ కథ చెప్పడానికి కూడా కాగితం అడుగుతారా?

సిద్దిపేట అక్క, సాయంత్రం 5.50
ఫోన్ చేశాను. మీ మాటల్లో మీరు సినిమాల గురించి చెప్పుకుంటే మాకేం అభ్యంతరం లేదు, తెర వద్దు, సినిమా సంగీతం వద్దు అన్నారు హాలు వాళ్ళు. గుమ్మెట మోత ఎంత ఉంటుందని మాత్రం అడిగారు. కొంచెమే అని అబద్ధం చెప్పాను.

చిట్టి కమలా, రాత్రి 8.05
మా జట్టుకు కథకురాలు నేనే. జెర్సీ సిటీ ఇంటి నుంచి మొదలుపెడతాను. హాస్యం చెప్పడానికి మాకు ఎవరూ లేరు. మామిడి అంకుల్, మీరు రాత్రి 10.19కి రాసినవన్నీ అక్కడికొచ్చి అనండి. నేను జవాబు చెప్తాను.

మంచులో మామిడి, రాత్రి 8.09
అవతలి జట్టుకి వంత పాడాలా నేను?

చిట్టి కమలా, రాత్రి 8.10
తిడుతూ పాడండి. అదే కదా హాస్యం.

బందరు బాబాయ్, బుధవారం రాత్రి 9.00
నిన్న మా గరాజ్‌లో మొదటిసారి చెప్పి చూశారు. ఇన్ఫినిటీ వార్ చెప్పే కుర్రాడు చిటికె దగ్గర ఆగి, ఇటు వంత అటు వంత ఇద్దర్నీ మెల్లగా కూర్చోబెట్టేశాడు. ఒక్కడే మిగిలాడు. నాకు ఒళ్ళు జలదరించింది. మా ఆవిడ ‘ఇంతకీ వాడు ఎవర్ని చంపాడండీ’ అని అడిగింది. థానోస్‌కి రానా గొంతు నేనిస్తానంటే ముగ్గురు పిల్లలూ వద్దన్నారు. శుక్రవారం ఆరింటికి మళ్ళీ. గుమ్మెటలు లేవు, ఇత్తడి బిందె ఉన్నవాళ్ళు తెండి. స్టీలు బిందె గీపెడుతోంది.

గోంగూర ఎక్స్‌ప్రెస్, రాత్రి 9.12
సమోసా ఎన్నో సోమవారం నుంచి ఎవరూ చెప్పలేదు. 150 చెప్పేశాను. లైసెన్సు డబ్బు మిగిలింది కాబట్టి మిర్చి బజ్జీ కూడా.

సిద్దిపేట అక్క, రాత్రి 9.20
జడ్జీలు?

బందరు బాబాయ్, రాత్రి 9.34
బజ్జీలు ఎన్ని చెప్పావ్?

మంచులో మామిడి, రాత్రి 9.41
ప్రొజెక్టర్ ఇంకా నా కారులోనే ఉంది. దాని పెట్టె ఖాళీ చేసి బోర్లించి కొట్టి చూశాను, బిందె కంటే బాగా మోగుతోంది. శుక్రవారం పెట్టె ఒక్కటే తెస్తాను.