సమస్య: పెట్టె పరుగుదీసెఁ బెన్ననడుమ

నిర్వాహకుడు, కడప:
ఈ వారానిది ఆటవెలది నాలుగో పాదం. పెట్టెకు కాళ్ళెక్కడివి, పెన్నలో పరుగేమిటి? పై మూడు పాదాలూ రాసి తేల్చండి. మన వీధుల్లో తిరుగుతున్న పెట్టెలాంటి మారుతి జిమ్నీ బండిని చూస్తే తట్టిన పాదమే గానీ, బండి మీదే రాయాలని నియమం లేదు.

ప్రొద్దుటూరు సభ్యుడు:
నాల్గు చక్రములకు నడువంగ బలమిచ్చు
తక్కువైన గేరు తగిలినంత
గులకరాళ్ళ దాటి గుంతలలోఁజొచ్చి
పెట్టె పరుగుదీసెఁ బెన్ననడుమ

నిర్వాహకుడు:
గణాలు, యతులు నిక్కచ్చిగా ఉన్నాయి. కానీ ఏ ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే) బండికైనా అతుకుతుంది ఈ పద్యం. జిమ్నీకే చెల్లే ముక్క ఒక్కటీ లేదు. రోజూ నడిపే మీ చేతికి తెలిసింది పద్యంలోకి రావాలి.

తాడిపత్రి సభ్యురాలు:
వాన కురిసె నెగువ వంకలన్నియుఁ బొంగె
ఒడ్డు మీద కొట్టు యొరిగిపోయె
సరకులన్ని చెదరె జలములో నొంటిగా
పెట్టె పరుగుదీసెఁ బెన్ననడుమ

కర్నూలు సభ్యుడు:
అక్కా, బండి జోలికి పోకుండా భలే విడదీశారు. 2021 నవంబరులో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు ఊళ్ళమీద పడిన రోజులు గుర్తొచ్చాయి. ఒక్కచోట ఆగాను: 'కొట్టు' తర్వాత అచ్చు వస్తే ఉత్వసంధి (చివరి ఉకారం పోయి అచ్చు కలవడం) నిత్యం, యడాగమం (నడుమ 'య' చేరడం) రాదు. 'ఒడ్డుకొట్టు కూలి యొరిగిపోయె' అనండి. 'కూలి' క్త్వార్థం ('కూలిన తర్వాత' అనే అసమాపక క్రియ) కనుక సంధి లేదు, యడాగమం సాధువే. యతీ చెడదు.

అనంతపురం సభ్యుడు:
గాలి కొంత తీసి గట్టును దిగినంత
మూతి మూలలెల్ల ముందె తెలియ
నడుము నొచ్చె ననెడు నాన్నను నవ్వించి
పెట్టె పరుగుదీసెఁ బెన్ననడుమ

మా ఇంట్లో రోజువారీ బండి జిమ్నీయే. వెడల్పు 1645 మిల్లీమీటర్లే, బానెట్టు చదరం, దాని అంచులు సీట్లోంచే కనబడతాయి. పాతూరు సందుల్లో ఎదురుగా ఆటో వచ్చినా బెదరక్కర్లేదు. ముందూ వెనకా ఒకే కడ్డీ ఇరుసులు కావడంతో ఒక చక్రం గుంతలో పడితే బండంతా ఊగుతుంది, వెనక సీట్లో ఉన్నవాళ్ళకు మరీ. కర్నూలు హైవే మీద అయిదో గేరే ఆఖరిది, వంద దగ్గర ఇంజను మోత బాగా వినిపిస్తుంది. పక్కగాలి కొడితే స్టీరింగు సరిచేసుకుంటూ పోవాల్సిందే. వెనక తలుపు పక్కకు తెరుచుకుంటుంది, స్టెప్నీ దానికే ఉంటుంది. గోడకు ఆనించి నిలిపితే సామాను తీయలేం. సీట్లు నిలబెడితే డిక్కీ 208 లీటర్లే, పెళ్ళికి నలుగురం బయల్దేరితే బ్యాగులు ఒళ్ళోకే. అయినా దీన్ని వదలను. ఎండిన ఏట్లో దిగాక, గేరు లివరు పక్కనున్న, నాలుగు చక్రాలకూ బలమిచ్చే చిన్న లివరు లాగి రెండో గేరులో పోనిస్తే ఈ తంటాలేవీ గుర్తుండవు.

నిర్వాహకుడు:
మూడో పాదంతో పద్యానికి ప్రాణం వచ్చింది. వాహనాన్ని పొగడకుండానే దాని కుదుపూ, దాని సరదా రెండూ చెప్పారు. 'గాలి కొంత తీసి' కూడా చేసినవాళ్ళ మాటే: గాలి తగ్గితే టైరు ఇసుకమీద వెడల్పుగా పరుచుకుంటుంది, కూరుకుపోదు. 'ఎల్ల' మాత్రం పాదం నింపడానికి వచ్చింది. మూతికి మూలలు రెండేగా! 'మూతి మూల రెండు ముందె తెలియ' అంటే గణం చెడదు, చూపూ నిలుస్తుంది.

అనంతపురం సభ్యుడు:
'మూల రెండు' బాగుంది, అదే ఉంచుతా. ప్రొద్దుటూరన్నా, మీది ఆటోమేటిక్కా? దానికి నాలుగు గేర్లే కదా, గువ్వలచెరువు ఘాట్ ఎట్లా ఎక్కుతోంది? అదే పద్యంలో పెట్టి మళ్ళీ పంపండి.