ప్రైవేటీర్ అన్న మాటకి తెలుగులో ఏమందాం?

పాత కార్ రేసుల మీద ఒక వ్యాసం రాస్తున్నానండీ, ఈ ఒక్క మాట దగ్గర మూడు రోజుల్నించి ఆగిపోయాను. దీని మూలార్థం చూస్తే యుద్ధాలప్పుడు రాజు దగ్గర అనుమతి పత్రం తీసుకుని శత్రువుల ఓడల్ని దోచుకునే సొంత ఓడలవాళ్ళు. రేసుల్లోకొచ్చేసరికి ఆ దోపిడీ వాసనేం లేదు, కంపెనీ టీమ్‌లో చేరకుండా కారు తనే కొనుక్కుని టైర్లూ మెకానిక్కూ అన్నీ తనే చూసుకుని పోటీకి దిగేవాడు, అంతే.

నేను రాస్తున్నది లూయీ రోజియే గురించి. ఫ్రాన్స్‌లో క్లెర్మో ఫెరాన్‌లో గ్యారేజీ ఓనరు. 1950లో లమాన్ 24 గంటల రేసుకి టాల్బో రేసు కారుకే మడ్‌గార్డులూ హెడ్‌లైట్లూ బిగించి తీసుకెళ్ళాడు. మధ్యలో ఇంజన్లో రాకర్ షాఫ్ట్ అనే భాగం (వాల్వుల్ని తెరిచే మీటలుండే కడ్డీ) పోతే ఆయనే దిగి పానా పట్టుకుని మార్చుకున్నాడు, జోడీగా వచ్చిన కొడుకు నడిపింది రెండే రెండు ల్యాప్‌లు, మిగతాదంతా ఈయనే, 44 ఏళ్ళ వయసులో, అయినా గెలిచాడు! ఇలాంటి మనిషిని 'ప్రైవేటు డ్రైవర్' అని రాస్తే ఎవరింట్లోనో కారు నడిపేవాడనుకుంటారు కదా.

జవాబు: స్వతంత్ర పోటీదారు అనొచ్చుగా?

జవాబు: స్వతంత్ర అంటే ఎలక్షన్ గుర్తొస్తుందండీ. మా నాన్నగారిది లారీ, మా వైపు సొంత లారీ తనే నడుపుకునేవాణ్ణి 'ఓనర్ కమ్ డ్రైవర్' అంటారు. డీజిలైనా పంక్చరైనా కిరాయి దొరక్కపోయినా అన్నీ ఆయన నెత్తినే. మీ రోజియే సరిగ్గా అదే.

పోస్ట్ పెట్టినవారు: అబ్బ, భలే పట్టారండీ. కిరాయి అన్నారు చూడండి, వీళ్ళకీ అలాంటిదే ఉండేది, బండి పోటీకి తెచ్చినందుకే రేసు నిర్వాహకులు ఇచ్చే డబ్బు, స్టార్ట్ మనీ అనేవాళ్ళు, చాలామందికి తర్వాతి రేసు ఖర్చులు దాంట్లోంచే. కాకపోతే ఒక చిక్కుంది. రోజియే తర్వాత ఫెరారీలు కొని రేసుల్లో ఫ్రాన్స్ కార్లకుండే నీలం రంగేయించి, మోరిస్ త్రాంతిన్యాంలాంటి వేరే డ్రైవర్లకి కూడా ఇచ్చి నడిపించాడు. అప్పుడు ఓనరొకరు డ్రైవరొకరు.

జవాబు: అయితే 'సొంతబండి రేసర్' అనండి, వేరేవాళ్ళు నడిపిన చోట 'రోజియే బండి' అంటే సరిపోతుంది.

పోస్ట్ పెట్టినవారు: ఖాయం చేసేశా, సొంతబండి రేసర్. నోటికి కూడా బాగా పలుకుతోంది. ఆయన 1956 అక్టోబర్‌లో మోంలేరీ ట్రాక్ మీద వానలో కారు బోల్తాపడి మూడు వారాలకి పోయాడు, వాళ్ళ ఊరి పక్క కొండల్లో 1958లో తెరిచిన షరాడ్ ట్రాక్‌కి ఆయన పేరే పెట్టారు. వ్యాసం చివర ఆ పేరా రాసేటప్పుడు ఈ మాటే వాడతా. ఇక 'వర్క్స్ టీమ్' (కార్లు చేసే కంపెనీయే నడిపే టీమ్) అన్నదానికి 'కంపెనీ బండ్లు' అని పెట్టేస్తున్నా, ఎవరికైనా అభ్యంతరముంటే ఈ రాత్రి లోపల చెప్పండి.