పార్సిల్లో వచ్చిన కోరల్: ముందు డిప్పా, ముందు విశ్రాంతా?

కొత్తనీరు (ఎడిసన్, న్యూజెర్సీ), ఆదివారం ఉదయం

అందరికీ నమస్కారం. కోరల్స్ (పగడపు జీవులు) పెంచే మా ఉప్పునీటి ట్యాంకు 75 గ్యాలన్లది, పెట్టి పద్నాలుగు నెలలైంది. ఇన్నాళ్లూ మెత్తటి కోరల్స్‌తోనే సరిపెట్టుకున్నాను. మొన్న ధైర్యం చేసి మూడు తలల టార్చ్ కోరల్ ఒకటి, ఇండోనేషియాలో సముద్రంలో పెంచిన అక్రోపోరా (కొమ్మలుగా పెరిగే గట్టి కోరల్) గుత్తి ఒకటి తెప్పించాను. బుధవారం రావాల్సిన పెట్టె గురువారం మధ్యాహ్నం వచ్చింది. వేడి ప్యాకెట్టు చల్లారిపోయింది. సంచిలో నీళ్లు 18 డిగ్రీలున్నాయి. టార్చ్ ముడుచుకుపోయి జిగురు వదులుతోంది. అక్రో అడుగున చిటికెన వేలి గోరంత మేర తెల్లబడింది. సంచులు విప్పి, సన్న గొట్టంతో మా ట్యాంకు నీళ్లు చుక్కలు చుక్కలుగా రెండు గంటలు పోసి, ఆ తర్వాత నేరుగా ట్యాంకులో పెట్టాను. డిప్ చేయలేదు, అంటే పురుగులు రాలే మందు నీళ్లలో ముంచలేదు.

ఫోనులో ఇద్దరు పెద్దవాళ్లను అడిగాను. ఒకరు "ముంచకుండా ఎలా పెట్టావమ్మా" అన్నారు. ఇంకొకరు "ముంచి ఉంటే ఆ రోజే పోయేది" అన్నారు. ఇద్దరూ ఇక్కడే ఉన్నారు, పేర్లు చెప్పను. ఈ ఉదయం టార్చ్ తలల్లో ఒకదాని మీద గోధుమ రంగు జిగురు కనిపిస్తోంది. నేను ఎక్కడ తప్పు చేశాను?

ఉప్పునీటి శాస్త్రి, ఆదివారం ఉదయం

పేరు చెప్పకపోయినా ఆ మొదటివాడిని నేనే. దాచుకోవడానికి ఏముంది?

అమ్మా, బయటి నుంచి వచ్చిన ఏ ముక్కైనా మన ట్యాంకు నీటిని తాకే ముందు డిప్ నీటిని తాకాలి. పదేళ్లుగా ఇదే చెబుతున్నాను. వేరే గిన్నెలో ట్యాంకు నీళ్లే తీసుకుని, ట్యాంకు వేడికి తెచ్చి, సీసా మీద రాసిన మోతాదులో మందు కలిపి, ఐదు నుంచి పది నిమిషాలు ఉంచి, మధ్యమధ్య చిన్న పిచికారీతో కొమ్మల సందుల్లోకి నీళ్లు కొట్టాలి. తర్వాత ఇంకో గిన్నెలో కడగాలి. ఆ డిప్ నీళ్లు ట్యాంకులో పోయకూడదు. గిన్నె అడుగున ఏం రాలిందో దీపం పెట్టి చూడాలి. సముద్రంలో పెంచిన అక్రో అంటే చదును పురుగులు, నల్లులు, నత్తలు, ఏవైనా రావచ్చు. డిప్ చేయకుండా పెట్టడమంటే వీధి చెప్పులతో పూజ గదిలోకి నడవడమే.

ఫ్రిస్కో రైతు, ఆదివారం మధ్యాహ్నం

రెండోవాడిని నేను. నా మాటను కొంచెం కారం కలిపి చెప్పారు గానీ, సారాంశం అదే.

రెండు రోజులు చీకట్లో, చలిలో, తన జిగురులో తానే నాని వచ్చిన ప్రాణి అది. కోరల్ తిండిలో ఎక్కువ భాగం దాని ఒంట్లో ఉండే నాచు వండిపెడుతుంది. చీకట్లో ఆ పొయ్యి ఆరిపోయింది. అలాంటి దాన్ని పెట్టె విప్పీ విప్పగానే మందు నీళ్లలో ముంచి పిచికారీతో కొడతారా? పొలంలో వాడిన మొక్కకు ఎవరైనా ముందు నీడ పట్టి నీళ్లు పెడతారు, మందు కొట్టరు. నా ట్యాంకు 180 గ్యాలన్లు, పదమూడేళ్లది. 2019 తర్వాత ఒక్కదాన్ని కూడా ముంచలేదు. వచ్చి చూసుకోవచ్చు.

అరవై గ్యాలన్లు, ఆదివారం మధ్యాహ్నం

కొత్తనీరు గారూ, డిప్ సంగతి తర్వాత. సంచి విప్పి రెండు గంటలు చుక్కలు పోశారన్నారు, నాకు అక్కడ గుచ్చుకుంది. మూసిన సంచిలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని నీటి పీహెచ్ పడిపోతుంది. అందువల్ల అందులోని అమ్మోనియా అంతగా హాని చేయని రూపంలో ఉంటుంది. సంచి విప్పగానే ఆ వాయువు బయటికి పోయి పీహెచ్ లేస్తుంది, అమ్మోనియా విషంగా మారుతుంది. చేపల సంచుల్లో ఇది ఎక్కువ, కానీ జిగురు కుళ్లుతున్న టార్చ్ సంచిలోనూ తక్కువేమీ కాదు. మూసిన సంచిని అరగంట ట్యాంకులో తేలనిచ్చి, వేడి కలిశాక, ముక్కను మాత్రం తీసుకుని సంచి నీళ్లు పారబోస్తే సరిపోయేది. లైటు ఎంత పెట్టారు?

తూకంరాయి, ఆదివారం సాయంత్రం

18 డిగ్రీలని ఏ థర్మామీటరుతో కొలిచారు?

కొత్తనీరు, ఆదివారం సాయంత్రం

దూరం నుంచి గురిపెట్టి కొలిచేదానితో. జ్వరానికి కొన్నాం. లైటు ఎప్పటిలాగే 80 శాతం.

తూకంరాయి, ఆదివారం సాయంత్రం

అది ప్లాస్టిక్ సంచి పైపొర వేడిని చూపిస్తుంది, లోపలి నీటిది కాదు. పైగా జ్వరానికి వాడేవి ఆ కింది అంకెల్లో అసలు నమ్మదగినవి కావు. అంటే నీళ్లు 22 కూడా అయి ఉండవచ్చు. చర్చ మొత్తం తప్పు అంకె మీద నడుస్తోంది.

విశాఖ వాసి, ఆదివారం రాత్రి

ఈ అక్రోపోరా మన విశాఖలో ఎక్కడ దొరుకుతుందండీ? ధర ఎంత ఉంటుంది?

అరవై గ్యాలన్లు, ఆదివారం రాత్రి

ఎక్కడా కొనకండి. మన దేశంలో గట్టి కోరల్స్ అన్నింటినీ 2001లోనే వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. పులి ఉన్న జాబితా అది. దుకాణంలో తొట్టి కింద దాచి ఎవరైనా చూపిస్తే, అది మన్నారు సింధుశాఖ నుంచో అండమాన్ నుంచో విరిచి తెచ్చింది కావచ్చు. మేము ఇక్కడ అమెరికాలో కొనేవి అనుమతి పత్రాలతో దిగుమతైనవీ, ఇళ్లలో ముక్కలు చేసి పెంచినవీ.

ఉప్పునీటి శాస్త్రి, సోమవారం ఉదయం

రైతు గారి పేరులోనే రైతు ఉంది కనుక అడుగుతున్నాను. ఉల్లికోడు పురుగు వచ్చే ప్రాంతాల్లో వరి నారు పీకి, వేళ్లను మందు నీళ్లలో ముంచి నాటరా? అప్పుడు నారుకు బెంగ ఉండదా?

చంపుతుందని నమ్మి డిప్ చేయమనడం లేదు. డిప్‌లో గుడ్లు చావవు, ఆ మాట నేనే చెబుతాను. అక్రోను తినే చదును పురుగు గుడ్లు అడుగున చచ్చిన ఎముక మీద గోధుమ రంగు మచ్చల్లా అంటుకుని ఉంటాయి, వాటిని గీకి తీయాలి. అందుకే వారానికోసారి చొప్పున ఐదారు వారాలు వేరే తొట్టిలో ఉంచి ముంచాలి. డిప్ అంటే సగం మందు, సగం తనిఖీ.

ఫ్రిస్కో రైతు, సోమవారం ఉదయం

నారు గురించి నాకు చెప్పకండి. కోనసీమలో మా నాన్న వెనక మోకాటి లోతు బురదలో నారు కట్టలు మోసినవాడిని. ముంచేది అప్పుడే పీకిన పచ్చటి నారును. రెండు రోజులు లారీలో మగ్గి పసుపు తిరిగిన నారును ఎవరూ ముంచరు, పారేస్తారు.

ఇక తనిఖీ అంటారా, సముద్రంలో రోగం వస్తే ఎవరు ముంచుతున్నారు?

ఉప్పునీటి శాస్త్రి, సోమవారం ఉదయం

సముద్రంలోనే వైద్యం జరుగుతోంది. ఫ్లోరిడాలో 2014లో మయామీ దగ్గర గట్టి కోరల్స్ కండ కరిగిపోయే రోగం బయటపడింది. డైవర్లు అమోక్సిసిలిన్ కలిపిన ముద్దను రోగం పాకే అంచు మీద ఒక్కో కోరల్‌కు పూస్తున్నారు. రోగం చేరని కోరల్స్‌ను ముందే తీసి దేశమంతటా జంతు ప్రదర్శనశాలల తొట్లలో దాచారు. "వదిలేస్తే అదే తేరుకుంటుంది" అని ఊరుకోలేదు.

ఫ్రిస్కో రైతు, సోమవారం మధ్యాహ్నం

రోగం కనబడిన తర్వాత పూశారు. కనబడక ముందే అందరినీ ముంచలేదు. మీరు చెప్పిన ఉదాహరణ నా పక్షానే ఉంది.

కొత్తనీరు, సోమవారం మధ్యాహ్నం

క్షమించాలి, టార్చ్ రెండో తల కూడా గోధుమ రంగులోకి తిరిగింది. వాసన వస్తోంది. ఇప్పుడు, ఈ నిమిషం ఏం చేయాలో ఎవరైనా చెబుతారా?

నీలిగాజు (ఫ్రీమాంట్), సోమవారం మధ్యాహ్నం

నేను చెబుతాను. ముందు పంపులన్నీ ఆపండి. ఆ జిగురు ఎగిరి పక్కనున్న దాని మీద పడితే అదీ పోతుంది. సన్న గొట్టం పెట్టి జిగురును పీల్చి బయట పారబోయండి. టార్చ్‌ను తీసి, మంచి తలకూ చెడ్డ తలలకూ మధ్య ఎముక కొమ్మ దగ్గర కోయండి. కండ మీద కాదు, కింద. చేతికి తొడుగు, కళ్లకు అద్దాలు పెట్టుకోండి. మిగిలిన తలను అయోడిన్ డిప్‌లో ముంచి, వేరే తొట్టిలో తక్కువ లైటులో పెట్టండి. చెడ్డ తలలను దాచుకోకండి. తొట్టికి ఒక హీటరు, ఒక చిన్న పంపు చాలు. అక్రోను కిందికి దించి, లైటు 80 నుంచి సగానికి తగ్గించండి.

ఇప్పుడు రైతు గారితో రెండు మాటలు. ఇన్నాళ్లు ఊరుకున్నాను.

2022 అక్టోబరులో, డల్లాస్‌లో మా అక్క వాళ్లింటికి వచ్చినప్పుడు, ఒకరింట్లో జరిగిన కోరల్ ముక్కల మార్పిడిలో మీరు నాకు ఆకుపచ్చ అక్రో ముక్క ఇచ్చారు. "పాత ట్యాంకుది, ముంచే పని లేదు" అన్నారు. పెద్దవారని నమ్మాను. ఆరు వారాలకు నా అక్రోల మీద గుండ్రటి పాలిపోయిన గాట్లు. పిచికారీతో కొడితే చదును పురుగులు లేచాయి. పదకొండు గుత్తులు పోయాయి. మీకు ఫోను చేస్తే "నీ ట్యాంకు నీటి క్షారత (ఆల్కలినిటీ) ఊగి ఉంటుందమ్మా" అన్నారు. అంతే. ఇంకెప్పుడూ అడగలేదు.

ఫ్రిస్కో రైతు, సోమవారం సాయంత్రం

రెండేళ్ల పైచిలుకు నాటి సంగతి. ఉచితంగా ఇచ్చిన ముక్క. ఆ రోజు మార్పిడిలో మీరు ఇంకో ఏడుగురి దగ్గర తీసుకున్నారు, వాళ్లెవరూ గుర్తుకు రాలేదా? ఉప్పునీటి శాస్త్రి గారి దగ్గరా తీసుకున్నారు. ఆయన ట్యాంకులో నెలకో కొత్త ముక్క ఎందుకు వస్తోందో ఎవరైనా అడిగారా? పాతవి ఏమయ్యాయి? డిప్ చేసినవాళ్లు చచ్చినవాటి లెక్క చెప్పరు.

తూకంరాయి, సోమవారం సాయంత్రం

ఆల్కలినిటీ కొలిచిన కిట్టు గడువు దాటిందా?

నీలిగాజు, సోమవారం సాయంత్రం

మిగతా ఏడు ముక్కల్నీ డిప్ చేశాను. మీదొక్కటే చేయలేదు, మీరు వద్దన్నారు కనుక. ఉచితమా కాదా అని అడగడం లేదు. మీ ట్యాంకులో పురుగులున్నాయని మీకు తెలుసా, తెలియదా?

నిర్వాహకుడు, సోమవారం రాత్రి

వ్యక్తిగత విషయాలు దయచేసి విడిగా మాట్లాడుకోండి.

ఉప్పునీటి శాస్త్రి, సోమవారం రాత్రి

విడిగా మాట్లాడుకునే విషయం కాదు, నా పేరు వచ్చింది కనుక చెబుతాను. నిరుడు పన్నెండు ముక్కలు తెప్పించాను, నాలుగు పోయాయి. రెండు నా డిప్ వల్లే పోయి ఉంటాయని నాకూ అనుమానం. ఒకసారి చల్లటి సంచి నుంచి తీసి వెచ్చటి డిప్‌లో వేశాను, వేడి కలవనివ్వలేదు. ఇంతవరకు ఇక్కడ రాయలేదు. ఇప్పుడు రైతు గారు ఆవిడ ప్రశ్నకు జవాబు చెప్పాలి.

ఫ్రిస్కో రైతు, మంగళవారం, తెల్లవారుజామున

నిద్ర పట్టలేదు.

తెలుసు అని చెప్పలేను. తెలియదు అన్నా అబద్ధమే అవుతుంది. 2019లో నా దగ్గర ఏడేళ్లు పెరిగిన ఒక తల్లి గుత్తి ఉండేది, వెడల్పు అడుగున్నర. దాని మీద ఒకచోట గాటు కనిపించింది. ఎవరో చెబితే తోటకు వాడే ఇమిడాక్లోప్రిడ్ మందు నీళ్లలో కలిపి ముంచాను. మోతాదు కొలిచానా లేదా అన్నది ఇప్పటికీ సరిగా గుర్తు లేదు, కంగారులో ఉన్నాను. మర్నాటికి కొమ్మ కొమ్మకూ తోలు ఊడిపోయింది, మిగిలింది ఎముక. మా అమ్మాయి ఏడ్చింది. ఆ తర్వాత ముంచలేదు. గాటు కనిపిస్తే ఆ వైపు చూడటం మానేశాను. పెద్ద ట్యాంకులో చేపలు కొన్ని తింటాయి, గుత్తులు పెద్దవి కనుక తట్టుకుంటాయి. నాకు నష్టం కనబడలేదు. మీ ట్యాంకు చిన్నది, కొత్తది. అక్కడ కనబడింది. ఫోనులో ఆల్కలినిటీ అన్నది నా భయం.

కానీ ఒక్కటి. అంత మాత్రాన చలికి బిగుసుకుపోయి వచ్చిన టార్చ్‌ను పెట్టె విప్పగానే ముంచాలని నేను ఒప్పుకోను.

ఉప్పునీటి శాస్త్రి, మంగళవారం ఉదయం

టార్చ్‌ను కొన్ని గంటలు చీకటి తొట్టిలో తేరుకోనిచ్చి ముంచుదాం, అది ఒప్పుకుంటాను. ఆ తొట్టి ట్యాంకుకు బయట ఉండాలి. మన ఇద్దరికీ తేడా అక్కడే ఉంది, నిమిషాల దగ్గర కాదు. విశ్రాంతి ఎవరి నీళ్లలో అన్నది అసలు ప్రశ్న. మీరు విశ్రాంతి అంటే అందరితో కలిపి పడుకోబెట్టడం అంటున్నారు.

నీలిగాజు, మంగళవారం ఉదయం

రైతు గారూ, చదివాను. కోపం పోలేదు. కానీ రాసినందుకు సరే.

కొత్తనీరు, శనివారం

ఆలస్యమైంది, తొట్టి పనుల్లో ఉన్నాను. టార్చ్‌లో రెండు తలలు పోయాయి. మూడోది వేరే తొట్టిలో నిన్న సాయంత్రం వేలెడంత మేర చేతులు చాపింది. అక్రో అడుగున తెలుపు ఇంకో గోరంత పాకి ఆగింది. మా ఆయన గీకి, తెల్లబడిన ఎముకకు కొంచెం పైన, రంగున్న భాగంలో కోసి కొత్త రాయికి అంటించారు. గురువారం డిప్ చేశాం. పురుగు ఒక్కటీ రాలలేదు. పెసరగింజంత పీత ఒకటి మాత్రం కొమ్మల సందులోంచి వచ్చి గిన్నెలో పడి చచ్చిపోయింది.

ఫ్రిస్కో రైతు, శనివారం

టెట్రాలియా పీత అయి ఉంటుంది. అక్రోలోనే కాపురం ఉండి, పడిన మట్టి దులిపి, దాన్ని తినడానికి వచ్చినవాటిని గిల్లి తరుముతుంది. కాపలావాణ్ని చంపారు.

ఉప్పునీటి శాస్త్రి, శనివారం

ముంచకపోతే లోపల ఏముందో తెలిసేదే కాదు. ఈసారి డిప్‌కు ముందు మామూలు నీళ్లలో పిచికారీ కొట్టి, పీత వస్తే ముందే తీసి పక్కన పెట్టమ్మా. ఒక్క డిప్‌తో నిశ్చింత వద్దు, గుడ్లు ఉండవచ్చు.

కొత్తనీరు, శనివారం

వచ్చే గురువారం మళ్లీ ముంచుతాను. నీళ్లలో పెట్టి కొలిచే థర్మామీటరు కూడా కొన్నాను, తూకంరాయి గారూ.

తూకంరాయి, శనివారం

దాన్ని మంచు నీళ్లలో పెట్టి సున్నా చూపిస్తుందో లేదో చూశారా?