తిండి మారిస్తే డిప్రెషన్ తగ్గుతుందా? మాత్రలు మానేయొచ్చా?

కలువ:
కొన్ని నెలలుగా మనసు అస్సలు బాగుండట్లేదు. పొద్దున లేవగానే ఏ పనీ చేయబుద్ధి కాదు, చిన్న మాటకే ఏడుపొస్తుంది, లేకపోతే ఇంట్లోవాళ్ళ మీద అరిచేస్తాను. డాక్టరు డిప్రెషన్ అని చెప్పి మాత్రలు రాశారు. వాడుతున్నాను, కొంత తేడా ఉంది కానీ ఇంకా పూర్తిగా కోలుకోలేదు. తిండి విషయానికొస్తే పొద్దున ఏమీ తినను, మధ్యాహ్నం దాకా కాఫీల మీదే గడిపేస్తాను, ఆ తర్వాత బిస్కెట్లో చిప్సో ఏది చేతికందితే అది. సాయంత్రం అయ్యేసరికి చేతులు వణుకుతాయి, గుండె దడ, ఏదో జరగబోతోందన్న భయం.

మా బంధువు ఒకావిడ రోజూ ఫోన్ చేసి, మూడ్‌తో సంబంధం ఉన్న సెరొటోనిన్ అనే రసాయనం అంతా పేగుల్లోనే తయారవుతుంది, పంచదార మానేస్తే డిప్రెషన్ దానంతటదే పోతుంది, ఆ మాత్రలెందుకు అంటున్నారు. తిండికీ మనసుకీ నిజంగా అంత సంబంధం ఉందా? ఉంటే నేను ముందు ఏం మార్చాలి? తెలిసినవాళ్ళు చెప్పండి, ప్లీజ్.

ఆకుపచ్చ:
కలువ గారూ, నేను డైటీషియన్‌ని. అన్నిటికంటే ముందు, మాత్రలు మీ అంతట మీరు ఆపొద్దు. ఇలాంటి మందులు ఒక్కసారిగా ఆపితే తల తిరగడం, నిద్ర పట్టకపోవడం, విపరీతమైన చిరాకు రావచ్చు, జబ్బు కూడా తిరగబెట్టొచ్చు. తగ్గించాలన్నా, మార్చాలన్నా అది రాసిన డాక్టరుతో మాట్లాడే చేయాలి.

సెరొటోనిన్ గురించి మీ బంధువు చెప్పినదాంట్లో సగం నిజం. ఒంట్లో ఉండే సెరొటోనిన్‌లో 90 శాతం దాకా పేగుల్లోనే తయారవుతుంది, కానీ అది రక్తంలోంచి మెదడులోకి వెళ్ళలేదు. మెదడు తనకు కావలసింది ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం నుంచి తనే తయారుచేసుకుంటుంది. కాబట్టి పేగుల్లో అంత ఉంది కదా, తిండితో సరిచేసేద్దాం అనుకుంటే కుదరదు.

అలాగని తిండితో పని లేదని కాదు. ఆస్ట్రేలియాలో ఫెలిస్ జాకా అనే పరిశోధకురాలి బృందం 67 మంది డిప్రెషన్ రోగులతో చేసిన స్మైల్స్ అనే అధ్యయనం 2017లో వెలువడింది. వీళ్ళంతా అప్పటిదాకా సరైన తిండి తిననివాళ్ళే. సగం మందికి 12 వారాలు డైటీషియన్ సాయంతో కూరగాయలు, పళ్ళు, పప్పుదినుసులు, ముడిధాన్యాలు, చేపలు, ఆలివ్ నూనె ఎక్కువగా ఉండే ఆహారం అలవాటు చేశారు, మిగతా సగం మందికి ఎవరో ఒకరు వెళ్ళి కబుర్లు చెప్పి తోడుగా ఉండటం వరకే. ఆహారం మార్చుకున్నవాళ్ళలో సుమారు 32 శాతం మంది డిప్రెషన్ నుంచి బయటపడ్డారు, రెండో గుంపులో 8 శాతమే. అధ్యయనం చిన్నది, పైగా ఎవరు ఏ గుంపులో ఉన్నారో వాళ్ళకే తెలిసిపోతుంది కాబట్టి ఆ అంకెలను అలాగే పట్టుకోకూడదు. ఇంకో సంగతి, అందులో చాలామంది అప్పటికే మందులో కౌన్సెలింగో తీసుకుంటున్నవాళ్ళు. ఆహారం మార్చింది చికిత్సకు తోడుగా, చికిత్స మానేసి కాదు.

తేజ_77:
నేను పంచదార పూర్తిగా మానేశాక మనిషినే మారిపోయాను. ఇవన్నీ మందులు అమ్ముకోవడానికి చెప్పే మాటలు. ఒమేగా-3 (చేపనూనెలో ఉండే కొవ్వు), విటమిన్ డి మాత్రలు వాడి చూడండి, చాలు.

ఆకుపచ్చ:
తేజ గారూ, మీకు బాగైనందుకు నిజంగా సంతోషం. కానీ మీరు చెప్పిన ఆ రెండు మాత్రల మీద పెద్ద పరీక్షలే జరిగాయి. 18 వేల మందికి పైగా పెద్దవాళ్ళలో సగం మందికి విటమిన్ డి రోజూ ఇచ్చి అయిదేళ్ళు గమనిస్తే డిప్రెషన్ రాకుండా అది ఆపలేదని 2020లో తేలింది. యూరప్‌లో వెయ్యి మందికి పైగా మనుషులతో చేసి 2019లో ఫలితాలు ప్రకటించిన మూడ్‌ఫుడ్ పరీక్షలో ఒమేగా-3తో పాటు మరికొన్ని పోషకాలు కలిపి ఇచ్చినా ఫలితం లేదు. లోపం ఉన్నవాళ్ళకు ఆ లోపం పూరించడం వేరు, అందరూ మింగడం వేరు. మందులు వాడుతున్న మనిషికి అవి మానేయమని దయచేసి చెప్పకండి, ప్రాణాల మీదికి వచ్చే విషయం ఇది.

వానచినుకు:
కలువా, నాకు మీ సాయంత్రం వణుకు గురించే చెప్పాలనిపించింది. చాలాసేపు ఏమీ తినకుండా ఉండి పైనుంచి కాఫీలు పోస్తే చేతులు వణకడం, దడ, చెమటలు రావచ్చు. రక్తంలో గ్లూకోజు తగ్గినప్పుడు ఒళ్ళు అడ్రినలిన్ అనే హార్మోన్ విడుదల చేస్తుంది, అచ్చం యాంగ్జయిటీలాగే ఉంటుంది. కాఫీలోని కెఫీన్‌ది కూడా అదే తీరు. మీ భయమంతా దీనివల్లేనని అనను, కానీ ఇందులో దీని వాటా ఎంతో తెలుసుకోవడం తేలిక: పొద్దున ఏదో ఒకటి తినండి, కాఫీ కొంచెం కొంచెంగా తగ్గించండి (ఒకేసారి మానేస్తే తలనొప్పి పట్టుకుంటుంది).

కడుపు మాడ్చుకోవడం మనసును ఎంత పాడుచేస్తుందో ఎప్పుడో తెలిసిందే. 1944-45లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త ఆరోగ్యంగా ఉన్న 36 మంది యువకులకు ఆరు నెలల పాటు తిండి దాదాపు సగానికి తగ్గించి చూశారు. మనుషులు నీరసించిపోవడమే కాదు, దిగులు, చిరాకు, ఎవరితోనూ కలవకపోవడం, ఇరవై నాలుగు గంటలూ తిండి ధ్యాసే. వాళ్ళకు ముందు నుంచీ మానసిక సమస్య ఏమీ లేదు. అందుకే డిప్రెషన్‌లో ఉన్నవాళ్ళు అది మానేయండి, ఇది మానేయండి అనే కఠినమైన డైట్లు మొదలుపెడితే నాకు భయమేస్తుంది.

నది:
రక్తపరీక్షలు చేయించారా అండి? మా అమ్మ ఏడాది పాటు దిగులుగా, మతిమరుపుగా ఉంటే వయసు అనుకున్నాం. అరికాళ్ళు తిమ్మిర్లు అంటే అప్పుడు డాక్టరు విటమిన్ బి12 పరీక్ష చేయించారు, చాలా తక్కువ ఉంది. ఆవిడ మాంసం, గుడ్లు ముట్టరు, షుగరుకు మెట్‌ఫార్మిన్ ఎన్నో ఏళ్ళుగా వాడుతున్నారు, ఈ రెంటి వల్లా బి12 తగ్గుతుందట. ఇంజెక్షన్లు మొదలుపెట్టాక మెల్లగా మనిషి తేరుకుంది. థైరాయిడ్ తగ్గినా, రక్తహీనత ఉన్నా నీరసం, దిగులు అలాగే ఉంటాయి. ఒకసారి అడిగి చూడండి.

మౌనిక:
వాళ్ళంతా ఏం తినాలో చెప్పారు, కానీ డిప్రెషన్‌లో ఉన్నప్పుడు వంటగదిలోకి అడుగుపెట్టడమే కొండంత పని. నేను అందులోంచే వచ్చాను కాబట్టి చెప్తున్నా. తిండి పాడవడం వల్ల మనసు బాగోలేకపోవడం ఎంత నిజమో, మనసు బాగోక తిండి పాడవడం కూడా అంతే నిజం, మీరు బిస్కెట్లతో గడిపేస్తున్నది బద్ధకం వల్ల కాదు. ఉడికించిన గుడ్లు, పళ్ళు, పెరుగు, వేయించిన గింజలు, ఇలా కోయడం వండటం పెద్దగా అక్కర్లేనివి కళ్ళెదురుగా పెట్టుకోండి. ఆకలి తెలియకపోతే ఫోన్లో అలారం పెట్టుకుని వేళకి తినండి. ఇంట్లోవాళ్ళను వండిపెట్టమని అడగండి, అడగడానికి మొహమాటపడొద్దు. రుచి, వెరైటీ తర్వాత చూసుకోవచ్చు.

కలువ:
అందరికీ చాలా థాంక్స్. మాత్రలు ఆపను. వచ్చే అపాయింట్‌మెంట్‌లో బి12, థైరాయిడ్ గురించి అడుగుతాను. రాత్రి తొమ్మిదికి కూడా ఒక కాఫీ తాగే అలవాటుంది, అది మాత్రం ఉంచుకోవచ్చా?

వానచినుకు:
ముందు మానేయాల్సింది అదే. కెఫీన్ సగం కరగడానికే దాదాపు అయిదు గంటలు పడుతుంది, కొందరికి ఇంకా ఎక్కువ. మధ్యాహ్నం తర్వాత కాఫీ లేకుండా రెండు వారాలు ఉండి, నిద్ర ఎలా ఉందో మళ్ళీ ఇక్కడ రాయండి.