వనభోజనాల డిస్క్ గోల్ఫ్ పనులు: సోమవారం లోపు పేర్లు రాయండి

ఆటల కమిటీ, ఆదివారం రాత్రి
నమస్కారం అండీ. 15వ తేదీ పోటీకి 62 పేర్లొచ్చాయి. కొత్తవాళ్ళకి ఒక్క మాట: గోల్ఫ్ లాంటిదే, బంతి బదులు డిస్కు విసిరి గొలుసుల బుట్టలో (బాస్కెట్) వెయ్యాలి. 18 బాస్కెట్ల దగ్గర ముగ్గురు, నలుగురు చొప్పున నిలబడి ఒకేసారి మొదలుపెడతాం. కావలసినవి: ఇంకో 40 డిస్కులు (నా దగ్గర 20 ఉన్నాయి), స్కోరు కార్డులు, మెడల్స్, నది వైపు కాపలాకి ఆరుగురు. ట్రినిటీ నదిలో పడ్డ డిస్కు కోసం ఎవరూ దిగొద్దు. పెనాల్టీ ఒకటి రాసుకుని ముందుకెళ్ళడమే.

కోశాధికారి, సోమవారం
పేర్ల సంగతి తర్వాత. పార్కు వాళ్ళ మెయిల్ వచ్చింది. షెల్టర్ ఇచ్చారు, బాస్కెట్లున్న కోర్సు ఇవ్వలేదు. శనివారాలు దాన్ని ఎవరికీ రిజర్వు చెయ్యరట. నలుగురొచ్చి ఆడుకుంటే సరే, 62 మంది పోటీ అంటే ఈవెంటు కింద లెక్క, పది లక్షల డాలర్లకి ఇన్సూరెన్సు కాగితం చూపించాలి. మన పాలసీ హాల్లో జరిగేవాటికే.

ఆటల కమిటీ
దసరా ముందే అడగమన్నాను కదండీ.

కోశాధికారి
షెల్టర్ అడగమన్నారు, అడిగాను. ఫారంలో ఆటల గడి నింపమని నాతో ఎవరన్నారు?

ఆటల కమిటీ
ప్రతిసారీ ఇదే వరస. సరే, చెప్పాపెట్టకుండా ఆడేద్దాం. నలుగురు నలుగురుగా వెళ్తే ఎవరికి తెలుస్తుంది?

కోశాధికారి
తెలిస్తే పట్టుకునేది మిమ్మల్ని కాదు. ఫారం మీద సంతకం నాది.

కొత్త స్టూడెంట్
అన్నా, నేను మొన్న శనివారం పోయి చూసొచ్చిన. 6వ బాస్కెట్‌కి వేస్తే డిస్కు సైకిళ్ళ బాట మీదికెళ్ళే పోవాలె. స్ట్రాలర్లు, కుక్కలు, చిన్నపిల్లల సైకిళ్ళు, ఒకదాని ఎన్క ఒకటి. బాట మీద పోయేటోళ్ళు దాటినంకనే వెయ్యాలె గదా, ఆడేటోళ్ళు చేతుల డిస్కు పట్టుకొని పది నిమిషాలు నిలవడ్డరు. మనోళ్ళు ఆగుతరా?

భోజనాల అక్క
ఆగరు.

ఆటల కమిటీ
నాకు తెలీదా తమ్ముడూ? దూరం విసిరే డ్రైవర్ డిస్కు 175 గ్రాముల దాకా ఉంటుంది, అంచు పదును. మొహానికి తగిలితే కుట్లే. అందుకేగా కాపలా అన్నది.

భోజనాల అక్క
కాపలాకి పేరెవరిచ్చారు మరి? ఒక్కరూ కనపడలేదు. నా పులిహోర కలపడానికే మనుషుల్లేరు.

పెద్దాయన
ఇద్దరూ ఇవాళ్టికి ఫోన్లు పక్కన పెట్టండి నాయనా. మళ్ళీ ఆ వాలీబాల్ సంగతి కాకూడదు.

ఆటల కమిటీ, మంగళవారం పొద్దున
రాత్రి కాస్త నోరు జారాను. మన్నించండి. ఒక మాట. 1975లో ఎడ్ హెడ్రిక్ కాలిఫోర్నియాలో ఓక్ గ్రోవ్ పార్కులో మొదటి శాశ్వత కోర్సు వేసినప్పుడు అసలు బుట్టల్లేవు, పాతిన స్తంభాలకే విసిరేవాళ్ళు. గొలుసుల బుట్ట ఆయనే తర్వాత చేశాడు. కాబట్టి కోర్సు లేకపోతే ఆట లేదని కాదు. షెల్టర్ వెనక పచ్చికలో పట్టర్‌లతో (దగ్గర నుంచి వేసే డిస్కులు), 10 మీటర్ల లోపు నుంచి వేసే పోటీ పెడదామా? పట్టర్ అంచు మొద్దు, పెద్దగా దూరం పోదు. చెట్లనే గురి పెట్టుకోవచ్చు.

కోశాధికారి
నేనూ ఆ గడి ఏంటని అడగాల్సింది లెండి. ఇప్పుడే ఫోన్ చేశాను. పచ్చికలో చిన్న ఆటలకి అభ్యంతరం లేదట, బాట వైపు మొహం పెట్టి వెయ్యకూడదు. చెట్లకి మాత్రం కొట్టొద్దన్నారు.

పెద్దాయన
మంచి మాటే. ఉసిరి చెట్టు దొరక్క ఏటా ఆ పికాన్ చెట్టు కిందే ఫ్రోజెన్ ఉసిరికాయలు పెట్టి దీపం వెలిగిస్తున్నాం. దాన్నే కొడితే ఎలా?

కొత్త స్టూడెంట్
మా ల్యాబ్‌ల ఒకాయన దగ్గర మడిచే బాస్కెట్ ఉన్నది. అడిగిన, ఇస్తా అన్నడు. వాళ్ళ దోస్తు దగ్గర ఇంకోటి ఉన్నదట.

ఆటల కమిటీ
రెండు చాలవు. పిల్లలకి విడిగా కావాలి.

భోజనాల అక్క
మా ఇంట్లో బట్టల బుట్ట ఉంది, పొడుగ్గా. చిన్నపిల్లలకి అదే. అన్నట్టు మా అత్తగారు పేరిస్తానంటున్నారు. నలభై ఏళ్ళు అట్లు తిప్పిన మణికట్టు, డిస్కు ఎంత అంటున్నారు.

ఆటల కమిటీ
పేరు రాసుకున్నా. మనిషికి ఐదు డిస్కులు, ఎన్ని పడితే అన్ని. స్కోరు నేనే రాస్తా.

కోశాధికారి
మెడల్స్‌కి ఆర్డరు ఇవ్వలేదు, ఇప్పుడిక ఇవ్వను. గెలిచినవాళ్ళకి అరిసెల డబ్బా ఇస్తే?

భోజనాల అక్క
డబ్బాలో అరిసెలు ఎవరు వండుతారని అడగరేం?

కోశాధికారి
మా ఆవిడ ఒప్పుకుంది. పాకం దగ్గర నేను నిలబడాలట.

కొత్త స్టూడెంట్
బాస్కెట్లు నా కార్ల పట్టయి అన్నా.

ఆటల కమిటీ
ఏడింటికి వ్యాన్ తెస్తా. పులిహోర గిన్నె కూడా అందులోనే అక్కా, కానీ ఒళ్ళో పెట్టుకుని ఎవరైనా కూర్చోవాలి. పోయిన ట్రిప్పు వాసన సీట్లకి ఇంకా వదల్లేదు.