ఓఎల్‌ఈడీతో ఆక్సిజన్ సెన్సర్: ఫిల్టర్ పెట్టినా బ్యాక్‌గ్రౌండ్ తగ్గట్లేదు

ప్రశ్న:
సెల్ కల్చర్ చిప్‌లో కరిగిన ఆక్సిజన్ కొలవడానికి చిన్న సెన్సర్ చేస్తున్నాను. కింద ఆకుపచ్చ ఓఎల్‌ఈడీ (ఏఎల్‌క్యూ3 అనే ఆర్గానిక్ పదార్థంతో చేసిన ఎల్‌ఈడీ), మధ్యలో పీటీఓఈపీ (ఆక్సిజన్ తగిలితే ఎర్ర మెరుపు తగ్గే డై) కలిపిన పాలీస్టైరీన్ ప్లాస్టిక్ పొర, పైన ఆ వెలుగును కొలిచే ఫోటోడయోడ్. డై లేని ఖాళీ పొర పెట్టినా సిగ్నల్ బాగానే వస్తోంది, ఎర్ర ఫిల్టర్ అడ్డం పెట్టినా పూర్తిగా పోవట్లేదు. మామూలు ఎల్‌ఈడీకి మారిపోవాలా?

జవాబు 1:
మారకండి. ఏఎల్‌క్యూ3 వెలుగు 525 నానోమీటర్ల దగ్గర ఎక్కువగా ఉన్నా దాని తోక 650 దాకా సాగుతుంది, మీ డై వెలిగేది సరిగ్గా అక్కడే, కాబట్టి ఆ భాగాన్ని ఏ ఫిల్టరూ ఆపలేదు. పైగా ఓఎల్‌ఈడీ అన్ని కోణాల్లోకీ వెలుగు చిమ్ముతుంది, వాలుగా వచ్చే కిరణాలకు ఇంటర్‌ఫెరెన్స్ ఫిల్టర్ (పలుచటి పొరలతో చేసిన ఫిల్టర్) హద్దు ఆకుపచ్చ వైపు జరిగిపోతుంది. ఫిల్టర్ తీసేయండి. ఓఎల్‌ఈడీని పల్స్‌గా వెలిగించి ఆపేసి, కొన్ని మైక్రోసెకన్లు వదిలి అప్పుడు కొలవండి. అప్పటికి ఓఎల్‌ఈడీ వెలుగు పోయి డై మెరుపే మిగులుతుంది. ఆక్సిజన్ లేనప్పుడు పీటీఓఈపీ లైఫ్‌టైమ్ (వెలుగు ఆపాక డై మెరుపు తగ్గిపోవడానికి పట్టే కాలం) సుమారు 100 మైక్రోసెకన్లు, ఆక్సిజన్ పెరిగేకొద్దీ అది తగ్గుతుంది. అమెరికాలోని ఏమ్స్ లాబొరేటరీలో జోసెఫ్ షినార్, రూత్ షినార్ బృందం ఈ దారిలోనే చాలా పని చేసింది, గ్లూకోజ్‌ని కూడా ఎంజైమ్ వాడేసుకున్న ఆక్సిజన్‌ను బట్టే పట్టుకున్నారు. నాకు బాగా నచ్చేదేంటంటే, వాడగా వాడగా ఓఎల్‌ఈడీ మసకబారినా లైఫ్‌టైమ్ లెక్క మారదు.

జవాబు 2:
పల్స్ పద్ధతే మంచిది, కాకపోతే ఫోటోడయోడ్ సిగ్నల్‌ని పెంచే యాంప్లిఫయర్ చూసుకోండి. అది నెమ్మదిదైతే దాని ఆలస్యాన్నే డై లైఫ్‌టైమ్ అనుకునే ప్రమాదం ఉంది, అందుకే ముందు ఖాళీ పొరతో కొలిచి సిగ్నల్ గీత ఎంత త్వరగా పడిపోతుందో చూడండి. ఇంక్యుబేటర్‌లో 37 డిగ్రీల దగ్గర పెట్టేదైతే కాలిబ్రేషన్ కూడా అక్కడే చేయాలి. ఓఎల్‌ఈడీకి తేమ, ఆక్సిజన్ రెండూ పడవు, సీలింగ్ గట్టిగా ఉండాలి.

అడిగినవారు:
థాంక్సండీ, చాలా క్లియర్‌గా చెప్పారు. అదే చిప్‌లో ఫ్లోరెసీన్ (ఆకుపచ్చగా మెరిసే డై) లేబుల్‌తో యాంటీబాడీ టెస్ట్ కూడా పెట్టాలి. దానికీ పల్స్ సరిపోతుందా?

జవాబు 1:
సరిపోదండీ. ఫ్లోరెసీన్ లైఫ్‌టైమ్ 4 నానోసెకన్లే, ఓఎల్‌ఈడీ అంత త్వరగా ఆరదు. దానికి నీలం ఓఎల్‌ఈడీ పెట్టి, దాని మీద ఒక పోలరైజర్ (ఒకే దిశలో కంపించే వెలుగును వదిలే ఫిల్టర్), డిటెక్టర్ ముందు దానికి లంబంగా ఇంకొకటి పెట్టండి. సిగ్నల్ సగానికి పైగా పోతుంది కానీ బ్యాక్‌గ్రౌండ్ అంతకంటే బాగా పడిపోతుంది. ఫ్లోరెసీనే ఉండాలన్న పట్టు లేకపోతే మైక్రోసెకన్ల పాటు వెలిగే లేబుల్ తీసుకోండి, అప్పుడు రెండు టెస్టులకీ ఒకే సర్క్యూట్ చాలు.